స్టెపర్ మోటార్ డ్రైవర్‌లో కరెంటు, పవర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో 3డీ ప్రింటర్ కట్టుకునే విద్యార్థులు, తలుపుల మీద డిజైన్లు చెక్కే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) రౌటర్ నడిపే వర్క్‌షాపువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. అన్నిటికీ మూలం ఒకటే. స్టెపర్ అంటే చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే మోటార్, డ్రైవర్ దానికి కరెంటు పంపే సర్క్యూట్. ఆ డ్రైవర్‌ను చాలామంది స్విచ్ అనుకుంటారు. అది నిజానికి పవర్ కన్వర్టర్. ఆ ఒక్కటి మనసుకు ఎక్కితే ఎస్ఎంపీఎస్ (డీసీ ఇచ్చే పవర్ సప్లై) సైజు, మోటార్ వేడి, స్టెప్పులు తప్పడం అన్నీ లెక్కకు అందుతాయి.

లెక్కలు గాల్లో ఉండకుండా చాలా చోట్ల ఒకే మోటార్‌ను తీసుకున్నాను. మార్కెట్లో బాగా దొరికే నీమా 17 రకం: మూతి కొలత 42 మిల్లీమీటర్లు, స్టెప్‌కి 1.8 డిగ్రీలు, ఫేజ్‌కి (రెండు కాయిల్స్‌లో ఒక్కోదానికి) 1.7 ఆంప్స్, కాయిల్ రెసిస్టెన్స్ 1.5 ఓమ్‌లు, ఇండక్టెన్స్ 2.8 మిల్లీహెన్రీలు, హోల్డింగ్ టార్క్ (నిలబడినప్పుడు షాఫ్ట్‌ను పట్టి ఉంచే బలం) సుమారు 0.4 న్యూటన్ మీటర్లు.

డ్రైవర్‌ను 1.7 ఆంప్స్‌కి సెట్ చేశాను. పవర్ సప్లై మీద మాత్రం 0.3 ఆంప్స్ కూడా చూపించడం లేదు. డ్రైవర్ పాడైందా?

లేదు, బాగానే పనిచేస్తోంది. సప్లై నుంచి డ్రైవర్ తీసుకునే కరెంటు వేరు, డ్రైవర్ మోటార్‌లోకి పంపే కరెంటు వేరు. రెండు వైపులా సరిపోలాల్సింది ఆంప్స్ కాదు, వాట్లు.

మోటార్ కదలకుండా నిలబడి ఉందనుకుందాం. మైక్రోస్టెప్పింగ్‌లో (ఒక్కో స్టెప్‌ను చిన్న ముక్కలు చేసి నడపడంలో) ఒక ఫేజ్ కరెంటు సైన్ తరంగంలా, రెండోది కొసైన్ తరంగంలా మారుతుంది. ఒకటి తగ్గినప్పుడు రెండోది పెరుగుతుంది కాబట్టి షాఫ్ట్ ఏ స్థానంలో ఆగినా రెండు కాయిల్స్‌లో కలిపి పుట్టే వేడి ఒకటే: 1.7 × 1.7 × 1.5, అంటే సుమారు 4.3 వాట్లు. ఏ4988 లాంటి డ్రైవర్ చిప్‌లో కరెంటు దారిలో ఎప్పుడూ రెండు మాస్‌ఫెట్లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) ఉంటాయి. ఒక్కోదాని రెసిస్టెన్స్ 0.3 ఓమ్‌ల దరిదాపుల్లో. అక్కడ ఇంకో 2 వాట్లు పోతాయి. మొత్తం 6.3 వాట్లు. సప్లై 24 వోల్టులైతే 6.3ని 24తో భాగించండి: 0.26 ఆంప్స్. మీ మీటర్ చూపిస్తున్నది అదే.

అదే మోటార్‌ను అదే సెట్టింగ్‌తో 12 వోల్టుల సప్లైకి మార్చి చూడండి. ఈసారి 0.52 ఆంప్స్ చూపిస్తుంది. మోటార్‌లో కరెంటు మారలేదు, పట్టు మారలేదు. సప్లై ఆంప్స్ మాత్రం రెట్టింపయ్యాయి. సప్లై మీటర్ చూసి మోటార్ కరెంటు ఎంతో చెప్పలేమని దీన్నిబట్టే తెలుస్తుంది.

మీ ఫోన్ ఛార్జర్ కూడా ఇదే పని చేస్తుంది. ఫోన్‌కి 5 వోల్టుల దగ్గర 2 ఆంప్స్ ఇస్తూ, గోడ సాకెట్ నుంచి అందులో పదో వంతు కూడా తీసుకోదు.

సరే, మరి ఆ మిగతా కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

కాయిల్ నుంచే. కాయిల్ అంటే ఇండక్టర్. దానిలో పారుతున్న కరెంటు అంత తేలిగ్గా ఆగదు. డ్రైవర్ లోపల జరిగేది దగ్గరగా చూద్దాం.

మాస్‌ఫెట్లు ఆన్ అవుతాయి. కాయిల్‌కి పూర్తి 24 వోల్టులు అందుతాయి, కరెంటు పెరగడం మొదలవుతుంది. కాయిల్ దారిలో ఉన్న చిన్న సెన్స్ రెసిస్టర్ మీది వోల్టేజీని డ్రైవర్ గమనిస్తూ ఉంటుంది. మనం పెట్టిన హద్దు తగలగానే సప్లైని కత్తిరించేస్తుంది. ఆ క్షణం నుంచి సప్లై ఏమీ ఇవ్వదు. కాయిల్‌లో ఉన్న కరెంటు డ్రైవర్‌లోని మాస్‌ఫెట్ల గుండానే గుండ్రంగా తిరుగుతూ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. కొన్ని మైక్రోసెకన్ల తర్వాత మళ్లీ ఆన్. ఇది సెకనుకు పదుల వేల సార్లు జరుగుతుంది. దీన్నే చాపింగ్ అంటారు.

ఫేజ్‌లో 1.7 ఆంప్స్ నిలబెట్టడానికి కాయిల్‌కి సగటున కావాల్సింది 1.7 × 1.5 = 2.55 వోల్టులు. ఉన్నది 24. అంటే సప్లై ఆ కాయిల్‌కి తగులుకుని ఉండేది మొత్తం సమయంలో 11 శాతం లోపే. మిగతా 89 శాతం సమయం కాయిల్ తన కరెంటును తానే తిప్పుకుంటోంది. 1.7 ఆంప్స్‌లో 11 శాతం 0.18 ఆంప్స్. పైన చెప్పిన 4.3 వాట్లను 24తో భాగించినా 0.18 ఆంప్సే వస్తుంది. రెండు దారుల్లో వెళ్లినా ఒకే చోటికి చేరుకున్నాం.

మోటార్ రేటింగ్ 2.55 వోల్టులే అన్నారు. దానికి 24 ఇస్తే కాలిపోదా?

చాపింగ్ డ్రైవర్ ఉంటే కాలదు. మోటార్‌ను కాల్చేది వోల్టేజీ కాదు, కరెంటు వల్ల పుట్టే వేడి. కరెంటుకు డ్రైవర్ కాపలా ఉంది. లేబుల్ మీది వోల్టేజీ అంటే రేటెడ్ కరెంటును కాయిల్ రెసిస్టెన్స్‌తో గుణించిన అంకె, అంతే. డ్రైవర్ ఎంచుకునేటప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సినవి ఆంప్స్, ఇండక్టెన్స్.

అయితే ఒక హెచ్చరిక. ఎల్298ఎన్ బోర్డు చవకగా దొరుకుతుంది, కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపిస్తుంది. మామూలుగా అమ్మే ఆ బోర్డుల మీద కరెంటు హద్దు పెట్టే సర్క్యూట్ ఉండదు. దానికి ఈ 1.5 ఓమ్‌ల మోటార్ తగిలించి 12 వోల్టులు ఇస్తే, నిలబడి ఉన్నప్పుడు కరెంటు 12/1.5 = 8 ఆంప్స్ వైపు పరుగెడుతుంది. ఆ చిప్ ఛానల్‌కి తట్టుకునేది 2 ఆంప్స్. ముందు చిప్ పోతుంది, చిప్ బతికితే మోటార్ పోతుంది. ఎల్298ఎన్ డీసీ మోటార్లకు మంచిదే. తక్కువ రెసిస్టెన్స్ ఉన్న స్టెపర్‌కి దాన్ని పెట్టకండి.

2.55 వోల్టులు చాలినప్పుడు 24, 36 ఎందుకు?

నిలబడి ఉండటానికి అక్కర్లేదు, తిరగడానికి కావాలి. మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

మోటార్ నిమిషానికి 600 చుట్లు తిరగాలనుకుందాం. చుట్టుకు 200 స్టెప్పులు కాబట్టి సెకనుకు 2000 స్టెప్పులు, ఒక్కో స్టెప్‌కి అర మిల్లీసెకను. ఆ కొద్ది సమయంలో కాయిల్‌లో కరెంటు ఎక్కాలి, దిగాలి, దిశ మారాలి. ఇండక్టెన్స్ దానికి అడ్డం పడుతుంది. సున్నా నుంచి 1.7 ఆంప్స్‌కి ఎక్కడానికి రెసిస్టెన్స్‌ను పక్కన పెట్టి చూసినా 12 వోల్టుల మీద 0.4 మిల్లీసెకన్లు పడుతుంది. స్టెప్ మొత్తం నిడివే 0.5 అయితే, ఎక్కడానికే 0.4 పోతే ఇక పని చేసేదెప్పుడు? 24 వోల్టుల మీద అదే ఎక్కుడు 0.2 మిల్లీసెకన్లలో అయిపోతుంది.

ఇంకో అడ్డంకి బ్యాక్ ఈఎంఎఫ్. రోటార్‌లో అయస్కాంతం ఉంది కాబట్టి తిరిగే మోటార్ జనరేటర్ కూడా. ఈ మోటార్ టార్క్ లెక్కన 600 ఆర్‌పీఎం దగ్గర అది సుమారు 10 వోల్టులు పుట్టిస్తుంది, అదీ మన సప్లైకి ఎదురుగా. ఆ వేగంలో ఇండక్టెన్స్‌ను దాటడానికి ఇంకో 15 వోల్టులు కావాలి. రెండూ ఒకే క్షణంలో గరిష్ఠానికి రావు కాబట్టి నేరుగా కూడకూడదు. రెసిస్టెన్స్‌నూ కలిపి ఫేజర్ లెక్క (ఆ సమయ తేడాను చూసుకుని చేసే కూడిక) వేస్తే దాదాపు 20 వోల్టులు వస్తుంది. అంటే 24 వోల్టుల సప్లై ఉంటే 600 ఆర్‌పీఎం దగ్గర కూడా 1.7 ఆంప్స్ నిలుస్తాయి. 12 వోల్టులైతే ఆ హద్దును కరెంటు అసలు తాకలేదు. డ్రైవర్ చాపింగ్ చేయాల్సిన అవసరమే రాదు, టార్క్ దానంతట అదే పడిపోతుంది.

కరెంటు పట్టునిస్తుంది, వోల్టేజీ ఆ పట్టును ఎంత వేగం దాకా నిలబెట్టగలమో తేలుస్తుంది. ప్రింటర్ వేగం చాలడం లేదని కరెంటు పెంచుతూ పోయేవాళ్లు ఈ రెండిటినీ కలిపేసుకుంటున్నారు.

అలాగైతే వోల్టేజీ ఎంత దాకా పెంచొచ్చు?

డ్రైవర్ హద్దు మొదటిది. ఏ4988కి 35 వోల్టులు, డీఆర్‌వీ8825కి 45, టీఎంసీ2209కి 29, డీఎం542కి 50. ఇవి తాకాల్సిన అంకెలు కావు, కింద చెప్పబోయే కారణాల వల్ల కనీసం 15 నుంచి 20 శాతం తక్కువలో ఉండాలి.

మోటార్ వైపు నుంచి వాడుకలో ఉన్న ఒక సూత్రం ఉంది: ఇండక్టెన్స్‌ను మిల్లీహెన్రీల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 32తో గుణించాలి. మన మోటార్‌కి 2.8 వర్గమూలం 1.67, కాబట్టి సుమారు 53 వోల్టులు. అంతకు మించితే చాపింగ్ వల్ల ఇనుప కోర్‌లో పుట్టే వేడి ఎక్కువై, నిలబడి ఉన్నా మోటార్ కాగుతుంది. ఇది గరిష్ఠం. చేరాల్సిన లక్ష్యం కాదు.

నా సలహా సూటిగా చెప్తాను. నీమా 17 ఉన్న ప్రింటర్‌కి 24 వోల్టులు. నీమా 23 ఉన్న రౌటర్‌కి డీఎం542 లాంటి డ్రైవర్‌తో 36 వోల్టులు. 48 వోల్టుల ఎస్ఎంపీఎస్‌ను 50 వోల్టుల డ్రైవర్‌కి కట్టకండి, షాపులో ఎంత గట్టిగా చెప్పినా సరే.

ఎస్ఎంపీఎస్ ఎన్ని ఆంప్స్‌ది కొనాలి? మోటార్ల ఆంప్స్ అన్నీ కూడాలా?

కూడనక్కర్లేదు. వాట్లలో లెక్క వేయండి.

మూడు నీమా 23 మోటార్లున్న చెక్కడం రౌటర్ తీసుకుందాం. ఒక్కోటి 2.8 ఆంప్స్, 1.1 ఓమ్‌లు. కాయిల్ వేడి 2.8 × 2.8 × 1.1 = 8.6 వాట్లు. మోటార్ చేసే పని: 300 ఆర్‌పీఎం దగ్గర 0.8 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకుంటే, 0.8ని సెకనుకు 31.4 రేడియన్లతో గుణిస్తే 25 వాట్లు. డ్రైవర్‌లో, ఇనుములో పోయేవి ఇంకో ఐదారు వాట్లు. మొత్తం ఒక్కో మోటార్‌కి 40 వాట్లు, మూడిటికి 120. యాక్సిలరేషన్‌కీ, వేసవికీ కొంత వదిలి 200 వాట్లది తీసుకుంటే చాలు. 36 వోల్టుల మీద అది ఐదున్నర ఆంప్స్.

ఇంత లెక్క వేసే ఓపిక లేకపోతే అనుభవజ్ఞులు వాడే దారి ఒకటుంది: మోటార్ ఆంప్స్‌లో మూడింట రెండు వంతులు తీసుకుని మోటార్ల సంఖ్యతో గుణించడం. 2.8లో మూడింట రెండు వంతులు 1.87, మూడిటికి 5.6 ఆంప్స్. మన లెక్కకు దగ్గరగానే వచ్చింది. ఇది ఎక్కువ వైపు ఉండే అంచనా, కాబట్టి నిశ్చింతగా వాడొచ్చు.

పెద్ద ఎస్ఎంపీఎస్ పెడితే ఎక్కువ కరెంటు తోసి మోటార్‌ను కాల్చేస్తుందా?

తోయదు. ఎస్ఎంపీఎస్ మీద రాసిన 10 ఆంప్స్ అది ఇవ్వగలిగిన గరిష్ఠం. ఎంత తీసుకోవాలో డ్రైవర్ నిర్ణయిస్తుంది. 350 వాట్లది అందుబాటు ధరలో దొరికితే తీసుకోండి, నష్టం లేదు.

ఒక్కటి మాత్రం చూసుకోవాలి. జల్లెడ రేకు పెట్టెలో వచ్చే చాలా ఎస్ఎంపీఎస్‌లకు పక్కన 110/220 మార్చే చిన్న స్లైడ్ స్విచ్ ఉంటుంది. అది 110 మీద ఉండగా మన 230 వోల్టుల లైన్‌కి పెడితే పెద్ద శబ్దంతో పోతుంది. పెట్టె తెరిచిన వెంటనే అది చూడండి.

డ్రైవర్ మీద పీక్ అని ఒక అంకె, ఆర్ఎంఎస్ అని ఇంకో అంకె ఉన్నాయి. మోటార్ లేబుల్‌తో ఏది పోల్చాలి?

ఇది నిజంగా అయోమయంగానే ఉంటుంది, ఎందుకంటే తయారీదారులు ఒకేలా రాయరు. మైక్రోస్టెప్పింగ్‌లో ఫేజ్ కరెంటు సైన్ తరంగం కాబట్టి ఆర్ఎంఎస్, అంటే అంతే వేడి పుట్టించే నిలకడ కరెంటు, పీక్‌లో 0.71 వంతు. డీఎం542 పట్టికలో 2.84 పక్కన 2.03 అనీ, 4.20 పక్కన 3.00 అనీ ఉండేది అందుకే.

మోటార్ లేబుల్ మీది కరెంటు ఎక్కువగా రెండు ఫేజులూ ఒకేసారి పూర్తిగా ఆన్ ఉన్న స్థితికి రాస్తారు. అంటే అది ఆర్ఎంఎస్ లాంటిది. అలా చూస్తే 1.7 ఆంప్స్ మోటార్‌కి పీక్ 2.4 ఆంప్స్ దాకా పెట్టొచ్చు. కానీ అప్పుడు కాయిల్స్‌లో 8.7 వాట్లు, మోటార్ తయారీదారు అనుమతించిన వేడి మొత్తం పుడుతుంది. దాన్ని పట్టుకున్న బ్రాకెట్ ప్లాస్టిక్‌ది అయితే? ప్రింటర్లలో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అందుకే లేబుల్ అంకెను పీక్‌గా తీసుకుని మొదలుపెట్టమంటాను. పట్టు చాలకపోతే అప్పుడు పెంచుకోవచ్చు. అవసరం లేని టార్క్ కోసం వేడి కొనుక్కోవడం ఎందుకు?

టీఎంసీ డ్రైవర్లను ఫర్మ్‌వేర్ నుంచి నడిపేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మార్లిన్, క్లిప్పర్ అనే ప్రింటర్ ఫర్మ్‌వేర్‌లలో మీరు రాసే కరెంటు ఆర్ఎంఎస్. 1.7 పీక్ కావాలంటే అక్కడ రాయాల్సింది 1.2.

వీరెఫ్ ఎంత పెట్టాలి? వీడియోలో చెప్పినట్టే పెట్టినా నా మోటార్ మండిపోతోంది.

వీడియోలోని బోర్డు, మీ బోర్డు ఒకటి కాకపోవచ్చు. వీరెఫ్ అంటే డ్రైవర్ బోర్డు మీద కరెంటు హద్దును నిర్ణయించే రిఫరెన్స్ వోల్టేజీ. ఏ4988కి సూత్రం: వీరెఫ్ = కావాల్సిన పీక్ కరెంటు × 8 × సెన్స్ రెసిస్టర్. ఆ సెన్స్ రెసిస్టర్ విలువే బోర్డును బట్టి మారుతుంది.

బోర్డును వెలుతురులో పెట్టి, చిప్ పక్కన ఉన్న రెండు ఒకేలాంటి నల్లటి రెసిస్టర్లను చూడండి. మీద ఆర్100 అని ఉంటే 0.1 ఓమ్, ఆర్068 అంటే 0.068, ఆర్050 అంటే 0.05. ఒక ఆంప్ కావాలంటే మొదటిదానికి 0.8 వోల్టులు, రెండోదానికి 0.54, మూడోదానికి 0.4 పెట్టాలి. ఆర్100 బోర్డు కోసం చెప్పిన 0.8ని ఆర్050 బోర్డు మీద పెడితే కరెంటు 2 ఆంప్స్ అవుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. మీ మోటార్ మండేది దీనివల్లే అయ్యుండొచ్చు.

డీఆర్‌వీ8825కి ఎనిమిదికి బదులు ఐదు. దాని బోర్డుల మీద మామూలుగా ఆర్100 ఉంటుంది కాబట్టి కరెంటులో సగం అంకె పెడితే సరి: ఒక ఆంప్‌కి 0.5 వోల్టులు. టీఎంసీ బోర్డులకు అమ్మిన కంపెనీ ఇచ్చిన ఫార్ములానే వాడండి.

కొలిచే పద్ధతి: మల్టీమీటర్ డీసీ 2 వోల్టుల రేంజ్‌లో, నల్ల ప్రోబ్ బోర్డు గ్రౌండ్‌కి, ఎర్రది పొటెన్షియోమీటర్ లోహపు తలకి. తిప్పడానికి సెరామిక్ లేదా ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ మంచిది. ఇనుపది జారి పక్కన ఉన్న చిప్ పిన్నుకి తగిలితే చిప్ ఆ క్షణమే పోతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజారులో బోర్డు కొంటే, డబ్బులిచ్చే ముందే రెసిస్టర్ మీది అంకె చదవండి. ఒకే రంగు బోర్డుల్లో కూడా వేరువేరు విలువలు వస్తుంటాయి.

పని చేసేటప్పటికంటే ఊరికే నిలబడినప్పుడే మోటార్ ఎక్కువ కాలుతోంది. ఇది తప్పా?

తప్పు కాదు, స్టెపర్ స్వభావమే అది. డీసీ మోటార్ లోడును బట్టి కరెంటు తీసుకుంటుంది. స్టెపర్‌కి లోడు ఉన్నా లేకపోయినా డ్రైవర్ పెట్టిన కరెంటు పంపుతూనే ఉంటుంది. నిలబడినప్పుడు బయటికి వెళ్లే పని సున్నా, వచ్చిందంతా వేడే.

పరిష్కారం సులువు. చాలా డ్రైవర్లలో నిలబడినప్పుడు కరెంటు సగానికి తగ్గించే ఏర్పాటు ఉంటుంది. డీఎం542లో అది నాలుగో డిప్ స్విచ్: ఆఫ్‌లో పెడితే సగం. కరెంటు సగమైతే వేడి నాలుగో వంతు, 4.3 వాట్లు కాస్తా 1.1 అవుతుంది. స్పిండిల్ (కోసే మోటార్) బరువును మోసే నిలువు అక్షం మీద మాత్రం, సగం కరెంటుతో కూడా అది జారకుండా ఉందో లేదో ముందు చూసుకోండి. లీడ్‌స్క్రూ ఉంటే మామూలుగా ఆగుతుంది. బెల్టు మీదో బాల్‌స్క్రూ మీదో ఉంటే జారే ప్రమాదం ఉంది.

ఎంత వేడి దాకా పర్వాలేదు?

చాలా మోటార్లలో ఇన్సులేషన్ క్లాస్ బీ, వైండింగ్ 130 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పై తొడుగు 80 డిగ్రీల లోపు ఉంటే భయం లేదు. 60 డిగ్రీల లోహాన్నే చేత్తో పట్టుకుని ఉండలేం. కాబట్టి చెయ్యి కాలిందంటే మోటార్ పోయిందని టెన్షన్ పడకండి, థర్మామీటర్ పెట్టి చూడండి.

మన ఎండల్ని లెక్కలోకి తీసుకోవాలి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర మోటార్ 65కి చేరిందంటే అది గది కంటే 40 ఎక్కువ. అదే మెషిన్‌ను మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల షెడ్డులో నడిపితే చుట్టూ గాలే 45 దాకా వెళ్తుంది, మోటార్ 85 అవుతుంది. డ్రైవర్లు, ఎస్ఎంపీఎస్ ఉన్న పెట్టెలో ఇంకా ఎక్కువ. జనవరిలో చక్కగా నడిచిన మెషిన్ ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఉన్నట్టుండి స్టెప్పులు వదిలేస్తుంటే మొదట పెట్టె తలుపు తెరిచి చూడండి. ఏ4988 లాంటి చిన్న చిప్పులు వేడెక్కితే తమను తాము కాపాడుకోవడానికి క్షణకాలం ఆగిపోతాయి. ఆ క్షణంలో తప్పిన స్టెప్పులు తిరిగి రావు. హీట్‌సింక్, ఫ్యాన్ లేకుండా ఈ చిప్ మీద ఒక ఆంప్ దాటకపోవడం మంచిది.

స్టెప్పులు తప్పుతున్నాయి. కరెంటు పెంచేదా?

ఏ వేగంలో తప్పుతున్నాయో ముందు చూడండి. నెమ్మదిగా నడిచేటప్పుడు, కోత బరువు పడగానే తప్పితే పట్టు చాలడం లేదు. అప్పుడు కరెంటు పెంచడంలో అర్థముంది. కానీ 20 శాతం పెంచితే వేడి 44 శాతం పెరుగుతుందని తెలిసి పెంచండి.

వేగంగా కదిలేటప్పుడే తప్పితే కరెంటు హద్దు పెంచి లాభం లేదు. పైన చూశాం కదా, ఆ వేగంలో కరెంటు పాత హద్దునే చేరడం లేదు. హద్దును ఇంకా పైకి జరిపితే ఏం మారుతుంది? నిలబడినప్పుడు మోటార్ కాగడం తప్ప. ఇక్కడ కావాల్సింది ఎక్కువ వోల్టేజీ, లేదా తక్కువ ఇండక్టెన్స్ ఉన్న మోటార్, లేదా యాక్సిలరేషన్ తగ్గించడం.

మధ్య వేగంలో ఒక చోట మాత్రమే గరగరమని ఆగిపోతుంటే అది రెజొనెన్స్, అంటే ఆ వేగంలో కంపనం పెరిగిపోవడం. మైక్రోస్టెప్పులు పెంచి చూడండి, ఆ వేగాన్ని త్వరగా దాటించండి. ఇవన్నీ చేసే ముందు మోటార్ ఆపి, అక్షాన్ని చేత్తో ఆ చివర నుంచి ఈ చివరకు జరపండి. ఎక్కడైనా బిగుసుకుంటే లోపం అక్షం జారే గైడ్ రైలుది, కరెంటుది కాదు.

మైక్రోస్టెప్పింగ్ పెంచితే పవర్ ఎక్కువ తింటుందా?

తినదు. పీక్ కరెంటు అదే, రెండు ఫేజుల మొత్తం వేడీ అదే.

డ్రైవర్ పక్కన కెపాసిటర్ తప్పనిసరా?

తప్పనిసరి. ఏ4988 లాంటి చిన్న బోర్డుకి మోటార్ సప్లై పిన్నుల పక్కనే కనీసం 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్, సప్లై కంటే ఎక్కువ వోల్టేజీ రేటింగ్‌ది. పొడవాటి వైర్ల ఇండక్టెన్స్, బోర్డు మీది చిన్న సెరామిక్ కెపాసిటర్లు కలిసి, ప్లగ్ పెట్టిన క్షణంలో వోల్టేజీని ఎగదోస్తాయి. 12 వోల్టుల సప్లై మీద కూడా ఆ ఎగుడు 35 దాటి చిప్‌ను చంపగలదు. మోటార్ ఇంకా తిరగకముందే డ్రైవర్ పోయిందని చెప్పేవాళ్లలో చాలామంది కథ ఇదే.

రెండో కారణం బ్రేక్. బరువైన గ్యాంట్రీ (స్పిండిల్‌ను మోస్తూ కదిలే చట్రం) ఒక్కసారిగా ఆగినప్పుడు మోటార్ జనరేటర్‌గా మారి పవర్‌ను వెనక్కి పంపుతుంది. ఎస్ఎంపీఎస్ దాన్ని మింగలేదు, వోల్టేజీ పైకి లేస్తుంది. డ్రైవర్ హద్దు కంటే తక్కువలో ఉండమని పైన చెప్పింది ఇందుకే.

పవర్ ఉండగా మోటార్ వైర్ తీయొచ్చా?

తీయకూడదు. వదులుగా ఉన్న కనెక్టర్ కూడా అంతే ప్రమాదం. 1.7 ఆంప్స్ పారుతున్న కాయిల్‌లో దాచుకున్న శక్తి సుమారు 4 మిల్లీజౌళ్లే, కానీ దారి తెగినప్పుడు అది మిల్లీసెకను కూడా ఆగకుండా బయటపడుతుంది. ఆ వోల్టేజీ దెబ్బకి డ్రైవర్ అవుట్‌పుట్ మాస్‌ఫెట్లు పోతాయి. స్విచ్ ఆపి, కెపాసిటర్లు ఖాళీ అయ్యే దాకా ఆగి తీయండి.

ఫేజ్‌లో అమ్మీటర్ పెట్టి కరెంటు చూడొచ్చా?

పవర్ ఆపి, వైరుకు వరుసగా మీటర్ కలిపి, మళ్లీ పవర్ ఇచ్చి చూడొచ్చు. కానీ షాఫ్ట్ ఆగిన మైక్రోస్టెప్‌ను బట్టి ఆ ఫేజ్‌లో సున్నా నుంచి పీక్ దాకా ఏదైనా ఉండొచ్చు. ఫుల్ స్టెప్ మోడ్‌లో పెడితే ఏ4988 రెండు ఫేజుల్లోనూ పీక్‌లో 70.7 శాతం నిలబెడుతుంది. అప్పుడు వచ్చిన అంకెను 0.707తో భాగిస్తే మీ నిజమైన సెట్టింగ్ తెలుస్తుంది.

8 వైర్ల మోటార్‌ను సిరీస్‌లో కలపాలా, ప్యారలల్‌లోనా?

సిరీస్‌లో కలిపితే ప్యారలల్‌తో పోలిస్తే సగం కరెంటుతో అదే పట్టు వస్తుంది, కానీ ఇండక్టెన్స్ నాలుగు రెట్లు. వేగం పెరిగేకొద్దీ టార్క్ త్వరగా పడిపోతుంది. మీ డ్రైవర్ ఆంప్స్ ఇవ్వగలిగితే ప్యారలల్ కలపండి. రౌటర్‌కి దాదాపు ఎప్పుడూ అదే సరైనది.

28బీవైజే-48 చిన్న మోటార్‌కి కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తించవు. అది 5 వోల్టుల యూనిపోలార్ (కాయిల్‌లో కరెంటు ఒకే దిశలో పారే) మోటార్, ఫేజ్‌కి 50 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. యూఎల్ఎన్2003 బోర్డు దానికి నిజంగానే స్విచ్, చాపింగ్ లేదు. కరెంటును కాయిల్ రెసిస్టెన్సే ఆపుతుంది. ఇక్కడ సప్లై కరెంటు, మోటార్ కరెంటు ఒకటే: రెండు ఫేజులు ఆన్ ఉంటే దాదాపు 200 మిల్లీఆంప్స్. దీనికి 12 వోల్టులు ఇస్తే కాలిపోతుంది.

ఈ మోటార్లు నెలకు కరెంటు బిల్లు ఎంత పెంచుతాయి?

మూడు నీమా 23 మోటార్లు 120 వాట్లు, ఎస్ఎంపీఎస్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే లైన్ నుంచి 140 వాట్లు. రోజుకు 8 గంటలు నడిస్తే 1.1 యూనిట్లు, నెలకు 25 పనిదినాలకు 28 యూనిట్లు. అదీ మోటార్లు అన్నివేళలా గట్టిగా పని చేస్తున్నాయనుకుంటే. అదే మెషిన్ మీది 2.2 కిలోవాట్ల స్పిండిల్ పూర్తి లోడుతో నడిస్తే గంటకే 2 యూనిట్లు దాటుతుంది. బిల్లు తగ్గించాలనుకుంటే స్పిండిల్ ఖాళీగా తిరిగే సమయం మీద, దుమ్ము లాగే బ్లోయర్ మీద దృష్టి పెట్టండి.